క్షమించాక కూడా శిక్ష ఎందుకు?

మీరు క్షమనూ ఫలితాన్నీ ఒకే పద్దులో రాస్తున్నారు, చిక్కంతా అక్కడే. మీ అన్నయ్య చీటీ డబ్బు మీరు వాడేసుకుని, టి.నగర్ వెంకన్న గుడి హుండీలో 500 వేసినా టెన్షన్ పోలేదని, దేవుడు క్షమించాక కూడా ఈ శిక్ష ఎందుకని అడిగారు కదా.

రామదాసునే చూడండి. అంత భక్తుడికీ గోల్కొండ చెరలో 12 ఏళ్లు, అదీ పూర్వజన్మలో చిలుకను పంజరంలో పెట్టినందుకని చెబుతారు. రాముడికి కోపమా? కాదు, గడువు తీరాక తానే వచ్చి తానీషాకు బాకీ కట్టాడంటారు. ఇలా ఫలితం ఇవ్వడం మొదలైపోయిన పాత కర్మనే ప్రారబ్ధం అంటారు, విల్లు నుంచి వదిలేసిన బాణం లాంటిది, వెనక్కి రాదు.

అందరూ దాటేసేది ఇది: మనుస్మృతిలో కూడా చిన్న దొంగతనానికి ప్రాయశ్చిత్తమంటే ముందు సొమ్ము తిరిగివ్వాలి, ఆ తర్వాతే వ్రతం.

1. ఈరోజే అన్నయ్యకు ఫోన్ చేసి ఒప్పుకోండి.
2. నెలకింత అని కట్టండి.
3. హుండీ తర్వాత.