సంగమేశ్వరం నీళ్ళలో గాలం వేయబోయే మేనల్లుడికి

కర్నూలు
నవంబరు నెల

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. హిమాచల్‌లో కులూ వైపు తీర్థన్ నదిలో ట్రౌట్ చేపలు పట్టిన అనుభవం గురించి నువ్వు రాసినదంతా రెండుసార్లు చదివి, మీ అత్తకు కూడా వినిపించాను. సంక్రాంతికి వచ్చినప్పుడు ముచ్చుమర్రి మీదుగా సంగమేశ్వరం వెళ్ళి, అక్కడి మత్స్యకారుల దగ్గర వెదురుతో అల్లిన గుండ్రని పుట్టి తీసుకొని, శ్రీశైలం జలాశయంలో గాలం వేయాలని ఉందనీ, ఏ ఎర వాడితే బాగుంటుందో చెప్పమనీ అడిగావు. ఎర సంగతి చెబుతాను. కాని అంత పెద్ద ఉత్తరంలో నీళ్ళ గురించి ఒక్క ప్రశ్న కూడా లేకపోవడం చూసి నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. అందుకని ముందు నీళ్ళ గురించే రాస్తున్నాను, ఓపికగా చదువు.

నువ్వు చేపలు పట్టిన చోట నీరు మంచులా చల్లగా, అడుగున రాళ్ళు కనిపించేంత తేటగా ఉంటుంది. ట్రౌట్ బతకడానికి అటువంటి నీరే కావాలి; ఇరవై డిగ్రీల వేడి దాటితే అది తట్టుకోలేదు. నువ్వు మోకాలి లోతులో నిలబడి, ప్రవాహానికి ఎదురుగా తల పెట్టుకొని ఉండే చేపను కంటితో చూసి గాలం వేశావు. ఇక్కడ చేప కనిపించదు, అడుగు కనిపించదు, ప్రవాహం ఎటు ఉందో కూడా పైకి తెలియదు. చేయి తిరిగినవాడివే, కాదనను. అయితే ఆ నేర్పు గాలానికి పనికివస్తుంది గాని పుట్టికి పనికిరాదు.

శ్రీశైలం జలాశయపు పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగుల ఎత్తు. ఆ మట్టంలో అందులో దాదాపు 215 టీఎంసీల నీరు నిలుస్తుంది; ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. వానాకాలంలో నిండిన ఆ నీరు వేసవి నాటికి నలభై యాభై అడుగులు దిగిపోవడం మామూలే, కాబట్టే సంగమేశ్వరుడి గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళ కింద ఉండి, మట్టం బాగా తగ్గాక బయటపడి, వేపదారు లింగానికి మళ్ళీ పూజలు మొదలవుతాయి. నువ్వు సంక్రాంతికి వచ్చేసరికి ఆ గుడి శిఖరం నీళ్ళ పైన ఉంటుందో, లోపల రెండు నిలువుల లోతున ఉంటుందో ఆ ఏటి వరదను బట్టి, కాలువలకు వదిలిన నీటిని బట్టి ఉంటుంది. నీ స్నేహితుడు మూడేళ్ళ కిందట వేసవిలో వెళ్ళి తీసిన ఫోటోలు చూసి దారి నిర్ణయించుకొన్నానని రాశావు చూడు, అది మొదటి పొరపాటు. బయలుదేరే వారం ముందు నుంచి రోజూ పత్రికలో శ్రీశైలం నీటిమట్టం చూడు. అది పెరుగుతున్నదా, తరుగుతున్నదా, ఎన్ని అడుగుల దగ్గర ఉన్నదన్న మూడు సంగతులూ ఒక కాగితం మీద రాసుకో.

ఇది తవ్విన చెరువు కాదన్న సంగతి ఎప్పుడూ మనసులో ఉంచుకో. ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయి. ఇళ్ళ గోడలు, పొలాల గట్లు, రాతి స్తంభాలు, కొట్టకుండా వదిలేసిన తుమ్మ చెట్లు, నోరు తెరుచుకొని ఉన్న బావులు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మట్టం ఒక అడుగు తగ్గితే నిన్న పుట్టి హాయిగా సాగిన చోట ఈ రోజు తుమ్మ కొమ్మ ఒకటి నీటికి నాలుగు వేళ్ళ కింద నిలబడి ఉంటుంది. అది పుట్టి అడుగున కట్టిన పట్టాను చీల్చిందంటే వెదురు అల్లిక నీటిని ఆపలేదు. మోకాలి లోతే కదా అని దిగి నడిచేటప్పుడు ముందు తెడ్డుతోనో కర్రతోనో అడుగు తడిమి చూసుకోకుండా ఒక్క అడుగు కూడా వేయవద్దు. పాత బావి ఎక్కడుందో నీటి పై భాగం చెప్పదు.

తీరంలోని ఒండ్రు సంగతి ఇంతకన్నా ముఖ్యం. నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే మట్టి పైన ఎండి, నెర్రెలు విచ్చి, బండలాగా గట్టిగా కనిపిస్తుంది. దాని కింద తొడ లోతు మెత్తని బురద ఉంటుంది. కాలు దిగబడినవాడు రెండో కాలు ఊని పైకి లాక్కోవాలని చూస్తాడు, అప్పుడు రెండూ దిగబడతాయి. అలా జరిగితే నిలబడే ప్రయత్నం మాని, వెనక్కి వాలి, తెడ్డును అడ్డంగా వేసుకొని దాని మీద బరువు పెట్టి, కాళ్ళను ఒక్కొక్కటిగా మెల్లగా కదిలిస్తూ బయటకు తీసుకో. మత్స్యకారులు రోజూ నడిచే కాలిబాట తప్ప మరో దారిన నీటి దగ్గరకు వెళ్ళకపోవడమే అన్నిటికన్నా మేలైన పద్ధతి. పశువుల గిట్టల గుర్తులు నీటి అంచు దాకా ఉన్న చోటును కూడా కొంతవరకు నమ్మవచ్చు.

పుట్టి గురించి నీకు బొత్తిగా తెలియదు కాబట్టి వివరంగా రాస్తాను. పడవకు ముందు వెనుకలు ఉంటాయి, పుట్టికి లేవు. వెదురు బద్దలతో గంపలాగా అల్లి, అడుగున పట్టా కట్టి తారు పూసిన ఆ గుండ్రని వస్తువు ఒక పక్కన తెడ్డు వేస్తే ముందుకు పోకుండా తన చుట్టూ తాను తిరుగుతుంది. తెడ్డును నీకు ఎదురుగా ముంచి నీ వైపు లాక్కొంటూ, కుడికీ ఎడమకూ మార్చుకొంటూ వేయడం అలవాటు కావాలంటే కనీసం ఒక పూట నడుము లోతు నీళ్ళలో ఒడ్డు దగ్గరే తిరగాలి. ఎక్కేటప్పుడు అంచు మీద కాలు పెట్టకుండా నడిమధ్యలో పెట్టు. ఎక్కిన తరువాత అడుగున చతికిలబడి కూర్చో; చేప తగిలిన సంతోషంలో లేచి నిలబడ్డావంటే ఆ క్షణంలోనే బోల్తా పడతావు. ఇద్దరుంటే ఎదురెదురుగా కూర్చోవాలి, ఒకరు వంగితే రెండోవారు వెనక్కి వాలాలి. నలుగురు ఎక్కవచ్చని ఎవరైనా చెప్పినా నువ్వు ఇద్దరికి మించి ఎక్కనివ్వకు. తెడ్డు రెండు ఉండాలి, రెండింటినీ తాడుతో పుట్టికి కట్టాలి.

ఈ తాడు సంగతి నేను పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు. నాకు ముప్పై రెండేళ్ళ వయసులో, ఒక ఆషాఢంలో, నేనూ నా స్నేహితుడూ మధ్యాహ్నం రెండు గంటలకు పుట్టి వేసుకొని వెళ్ళాము. ఉదయం నీరు అద్దంలాగా ఉంది. మూడు కాకుండానే పడమటి గాలి లేచింది. మన వైపు ఆషాఢ గాలి నేల మీద దుమ్ము లేపి ఊరుకొంటుంది. అడ్డం లేని అంత విశాలమైన నీటి మీద అదే గాలి అలలు లేపుతుంది, అలలు పుట్టిని తిప్పుతాయి. కంగారులో నా స్నేహితుడి చేతిలోంచి తెడ్డు జారిపోయింది. ఉన్నది ఆ ఒక్కటే. చేతులతో నీరు తోడుకొంటూ, గిరగిరా తిరుగుతూ, ఎటు కొట్టుకుపోతున్నామో తెలియకుండా చీకటి పడేదాకా ఉన్నాము. చివరికి సగం మునిగిన చెట్టు కొమ్మకు పుట్టి తగులుకొని ఆగితే, ఆ కొమ్మను ఇద్దరమూ పట్టుకొని కూర్చున్నాము. విశాఖ వైపు నుంచి వలస వచ్చి ఒడ్డున గుడిసె వేసుకొన్న ఒక మత్స్యకార కుటుంబం వలలు చూసుకోవడానికి వచ్చి, మా కేకలు విని, మమ్మల్ని తీసుకువెళ్ళి గంజి పోసింది. మీ అమ్మకు ఈ సంగతి ఈనాటికీ తెలియదు. నువ్వు కూడా చెప్పవద్దు.

ఆ రోజు మేము చేసిన తప్పులన్నీ చిన్నవే: రెండో తెడ్డు లేదు, తాడు లేదు, మధ్యాహ్నం బయలుదేరాము, ఎటు వెళ్తున్నామో ఎవరికీ చెప్పలేదు. కాబట్టి నువ్వు తెల్లవారి పొగమంచు విడిపోయాక నీటిలోకి దిగి, పదకొండు గంటలకల్లా ఒడ్డుకు చేరుకో. గాలి ఎటు నుంచి వీస్తున్నదో చూసి, వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళు. అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి నిన్ను ఒడ్డుకు నెడుతుంది. పెద్ద నీటిని అడ్డంగా దాటే ఆలోచన మానుకొని ఒడ్డు వెంబడే తిరుగు. జనవరిలో ఈదురుగాలులు అరుదు గాని, ఏప్రిల్, మే నెలల్లో ఎప్పుడైనా వెళ్ళావంటే మొదటి ఉరుము వినగానే గాలం చుట్టేసి ఒడ్డు ఎక్కి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా మళ్ళీ దిగవద్దు.

వరద రోజులలో అసలు వెళ్ళవద్దు. ఎగువన కృష్ణ మీది జూరాల నుంచి, తుంగభద్ర మీది సుంకేసుల నుంచి కలిపి ఒక లక్ష క్యూసెక్కులు, అంటే సెకనుకు లక్ష ఘనపుటడుగులు, ఒక రోజంతా వచ్చాయంటే అది 8.64 టీఎంసీల నీరు. జలాశయం నిండుగా ఉన్నప్పుడు అది పెద్దగా కనిపించదు. మట్టం తక్కువగా ఉండి నీరు ఇరుకులో ఉన్నప్పుడు అదే నీరు ఒక్క రోజులో అడుగులకు అడుగులు లేస్తుంది, రాత్రి ఒడ్డున గట్టిగా కట్టిన పుట్టి తెల్లవారేసరికి నీటి నడుమ ఉంటుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి మన కర్నూలును ముంచిన రోజు నువ్వు చిన్నవాడివి, అయినా మేడ మెట్ల మీద నీరు ఒక్కొక్క మెట్టే ఎక్కి రావడం నీకు గుర్తుండే ఉంటుంది. నది ఎంత నెమ్మదిగా కనిపిస్తూ ఎంత వేగంగా వస్తుందో నీకు వేరే చెప్పనవసరం లేదు.

లైఫ్ జాకెట్ గురించి వాదన పెట్టుకోకు. నీకు ఈత బాగా వచ్చునని నాకు తెలుసు, మన ఊరి బావిలో నేర్పినవాణ్ణి నేనే. బావిలో వలలు లేవు, ముళ్ళకొమ్మలు లేవు. జాకెట్ వేసుకొని పట్టీలు బిగించాక, ఇంకొకరిని భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగమను. అది గడ్డం దాటి పైకి వస్తే వదులుగా ఉన్నట్టు. పుట్టిలో దాని మీద కూర్చోవడం, దిండులాగా పెట్టుకోవడం చేయకు, ఒంటి మీదే ఉంచుకో. పుట్టి బోల్తా పడితే ఒడ్డు దగ్గరగా కనిపించినా ఈదకుండా పుట్టి అంచునే పట్టుకొని ఉండు. అది మునగదు, దూరం నుంచి కనిపిస్తుంది కూడా. కాలికి నైలాన్ వల చుట్టుకొంటే గుంజుకోవద్దు, గుంజేకొద్దీ బిగుస్తుంది. అందుకోసం ఒక చిన్న కత్తిని జాకెట్‌కు తాడుతో కట్టి ఉంచుకో. ఈల ఒకటి మెడలో వేసుకో, ఫోను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టు. అక్కడ చాలా చోట్ల సిగ్నల్ అందదు కాబట్టి ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్ని గంటలకు వస్తావో ఒడ్డున ఒక మనిషికి నోటితో చెప్పి వెళ్ళు. కృష్ణలో మొసళ్ళున్నాయి. పట్టిన చేపలను నీటి అంచున కూర్చొని కడగడం, పొద్దుగూకేవేళ నీటిలో చేతులు ఆడించడం మంచిది కాదు.

ఇక నువ్వు అడిగిన ఎర. బొచ్చె నీటి పై పొరల్లో మేస్తుంది, రాగండి మధ్యలో, ఎర్రమోసు అడుగున. ఈ మూడింటికీ మన రాగి సంగటి ముద్దలో వేయించిన వేరుసెనగ చెక్క పొడి, కొంచెం తవుడు కలిపి గట్టిగా పిసికి, ఉసిరికాయంత ఉండ చేసి గాలానికి పెట్టు. బెండు నుంచి గాలం దాకా దారం పొడవు మార్చుకొంటూ పోతే ఏ లోతులో తీసుకొంటున్నాయో ఒక గంటలో తెలిసిపోతుంది. అడుగున వేసేదానికి సీసం గుండు బరువుగా ఉండాలి గాని, చెట్లున్న చోట అడుగుకు వేయవద్దు, గాలాలన్నీ అక్కడే పోతాయి. వాలుగ వేటాడే చేప. దానికి చిన్న పరిగె చేపను ఎరగా పెట్టి, వాగు నీరు జలాశయంలో కలిసే చోట పొద్దున్నే వెయ్యి. జెల్ల తగిలితే చేత్తో పట్టుకోవద్దు. దాని వీపున ఒకటి, రెండు పక్కల రెండు ముళ్ళుంటాయి, గుచ్చుకొంటే చేయి మోచేతి దాకా సలుపుతుంది. గుచ్చుకొన్న చోటును శుభ్రంగా కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఉంచితే నొప్పి తగ్గుతుంది.

కొర్రమీను తుంగ మొలిచిన లోతు తక్కువ నీటిలో ఉంటుంది, గాలి పీల్చడానికి పైకి వచ్చినప్పుడు చిన్న బుడగ కనిపిస్తుంది. ఎప్పుడైనా నీటి పైన ఎర్రగా గుంపు కట్టి కదిలే పిల్లలు కనిపిస్తే వాటి కిందే తల్లీ తండ్రీ కాపలాగా ఉంటాయి. అప్పుడు గాలం వేస్తే తప్పక తగులుతుంది. వేయవద్దు, ఎందుకంటే కాపలా పోయిన గంటలో ఆ పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి. సన్నని కన్నుల అలివి వలలు వేసి వేలెడంత పిల్లలను కూడా ఊడ్చి, ఎండబెట్టి అమ్ముకొనేవాళ్ళను ఆ తీరంలో చూస్తావు. ఆ వలలు నిషిద్ధం. వాళ్ళ దగ్గర పుట్టి తీసుకోకు, వాళ్ళ చేపలు కొనకు. నీ మట్టుకు నువ్వు మత్స్యశాఖ అనుమతి సంగతి ముందే కనుక్కొని వెళ్ళు. నల్లమల వైపు ఒడ్డు ఎక్కవద్దు, అది పులుల అభయారణ్యం.

మొదటి రోజు గాలం ఇంట్లోనే పెట్టి వెళ్ళమని నా కోరిక. అక్కడ రోజూ వల వేసే పెద్దవాడిని ఎవరినైనా అడిగి, ఆయన కూలి ఆయనకు ఇచ్చి, ఆయన పుట్టిలో ఒక పూట కూర్చొని, ఎక్కడ పాత ఊరు, ఎక్కడ తుమ్మ తోపు, ఎక్కడ పాత నది గర్భం, ఎక్కడ గాలికి దాక్కోవచ్చు అన్నవి చూపించమను. నువ్వు ఆయనను అన్నా అనో తాతా అనో పిలిచి అడిగితే కాదనడు. రెండో రోజు నీ ఇష్టం.

నా జాకెట్ మీ అమ్మ దగ్గర పెట్టెలో ఉంది. ఎడమ పక్క పట్టీ కుట్టు ఊడింది. దాన్ని దర్జీ దగ్గర నైలాన్ దారంతో రెండు వరుసలు కుట్టించి, మన ఇంటి దగ్గరి కుంటలో ఒకసారి వేసుకొని తేలి చూసుకొన్న తరువాతే తీసుకువెళ్ళు.

నీ మామ