మోటారు సంగతి తర్వాత, ముందు హల్ సంగతి చూడు

పెరంబూరు, చెన్నై

అమ్మలూ,

నీ రిమోట్ కంట్రోల్ పడవ ఫొటోలు చూశాను. పడవ ఒంపు బాగుంది, ఎంచుకోవడంలో నీకు కన్నుంది. కానీ అడిగినవన్నీ మోటారు గురించీ బ్యాటరీ గురించీనే. హల్, అంటే పడవ బాడీ, దాని గురించి ఒక్క మాటా లేదు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

హల్‌ను ఒళ్లో పెట్టుకుని అడుగుభాగాన్ని బొటనవేలితో నొక్కి చూడు. లోపలికి పోయి టక్కుమని తిరిగొచ్చిందా, ఆ పలక వేగానికి ఆగదు. నీళ్లు మెత్తన అనుకుంటాం గానీ గంటకు అరవై కిలోమీటర్ల మీద చిన్న అల తగిలినా నేలకేసి కొట్టినట్టే. అడుగు వంగిన ప్రతిసారీ పడవ నీటి మీద కూర్చునే తీరు మారిపోతుంది. నువ్వేమో స్ట్రట్, అదే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను వెనక పట్టి ఉంచే బ్రాకెట్, సరిగ్గా లేదనుకుని దాన్ని తిప్పుతూ కూర్చుంటావు.

ఇలాంటి పడవలు విరిగేది ఎక్కువగా అతుకుల దగ్గర, లేదంటే బరువంతా దిగే చోట. డెక్కూ (పైభాగం) హల్లూ కలిసే అంచు మొదటిది. వెనక పలక, అదే ట్రాన్సమ్, రెండోది. స్ట్రట్టూ చుక్కానీ, మలుపుల్లో పడవ జారకుండా పట్టే టర్న్ ఫిన్ రెక్కా అన్నీ దానికే బోల్టులతో వేలాడతాయి, కాబట్టి లోపలివైపు 3 లేదా 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క అతికించి, దాన్ని రెసిన్‌తో నీళ్లు తాగకుండా మూసెయ్. మోటారు కూర్చునే చోటు మూడోది. ఇవి గట్టిగా ఉంటే మిగతా హల్ తేలిగ్గా ఉన్నా పరవాలేదు.

నల్లగా మెరుస్తోందని హల్ అంతా కార్బన్ పరచాలని నీకు అనిపిస్తుంది, తెలుసు. వద్దు. అడుగున చదునుగా ఉన్న పలకలకు ఒక పొర కార్బన్ వేస్తే బిగువు వస్తుంది, అక్కడే దాని అవసరం. అతుకులకు చదరపు మీటరుకు 160 నుంచి 200 గ్రాములుండే గ్లాస్ క్లాత్, అదే గాజుపోగుల గుడ్డ, చాలు. పైగా కార్బన్ కరెంటును పారనిస్తుంది, రిమోట్ పంపే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. డెక్ కూడా కార్బన్ అయితే రిసీవర్ యాంటెనాను సన్నని ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి పైకి తీయాల్సిందే. కెవ్లార్ జోలికి పోకు. మామూలు కత్తెరకు తెగదు, రుద్దితే బొచ్చు లేస్తుంది.

కాశిమేడులో ఫైబర్ పడవలకు వాడే గాజుపోగుల మ్యాట్ చవగ్గా దొరుకుతుందని ఎవరో ఒకరు చెబుతారు. ఆ మ్యాట్ పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్ రెసిన్‌లో కరిగేది, ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్‌లో కరగదు. నీకు కావలసింది ఎపాక్సీ. గరుకు చేసిన పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగ్గా పట్టదు.

ఇక పని. లోపలంతా 80 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, అసిటోన్‌తో శుభ్రం చెయ్. రుద్దేటప్పుడు ముక్కుకు ఎన్95, రెసిన్ కలిపేటప్పుడు నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. ఎపాక్సీ ఒకసారి ఒంటికి సరిపడకుండా పోయిందంటే ఆ ఎలర్జీ మళ్లీ వదలదు. క్లాత్ కోసే ముందు దినపత్రికతో కొలత ముక్కలు కత్తిరించుకో. మూలలు తిరగాల్సిన చోట పోగులు ఏటవాలుగా, 45 డిగ్రీల్లో వచ్చేలా కోస్తే క్లాత్ చెప్పినట్టు వింటుంది.

రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పాళ్లు డబ్బా మీద ఎలా ఉంటే అలాగే, గ్రాముల తూకం మీద కలుపు. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోయకు. ఎపాక్సీలో అది పని చేయదు, మిగిలిపోయిన హార్డెనర్‌తో పొర మెత్తగా ఉండిపోతుంది. మన ఊళ్లో తొందరపెట్టాల్సిన అవసరమే రాదు. వేడి పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది, మే నెల కత్తిరి ఎండల్లో గిన్నెలోనే పొగ వస్తుంది. తెల్లవారుజామున మొదలుపెట్టు. కొంచెం కొంచెం కలుపు, కలిపింది లోతు గిన్నెలో ఉంచకుండా వెడల్పు పళ్లెంలో పరిచెయ్.

నీ పడవకు డెక్ ముందే అతికి ఉంది కాబట్టి పనంతా డెక్ మీద మూత ఉండే హ్యాచ్ కంతలోంచే. బ్రష్‌ను వెదురుపుల్లకు కట్టుకో. అతుక్కి మూడు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు పట్టీ వేసేటప్పుడు పడవను పక్కకు ఒరిగించి అతుకు కిందికి వచ్చేలా పెట్టు, రెసిన్ దానంతట అదే అక్కడికి దిగుతుంది. ఇవాళ కుడి పక్క, రేపు ఎడమ. క్లాత్ తెల్లగా కనిపిస్తే రెసిన్ తాగలేదని, మడుగులా మెరిస్తే ఎక్కువైందని. ఆ ఎక్కువైంది పాత ఏటీఎం కార్డుతో గీకి తీసెయ్, బలమిచ్చేది పోగులే. ఆరేటప్పుడు పడవ మెలిపడకుండా, దాని ఒంపుకు సరిపోయే థర్మోకోల్ దిమ్మెల మీద ఉంచు. మెలి పడి గట్టిపడిందంటే ఏ స్ట్రట్టూ దాన్ని సరిచేయలేదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో చేస్తే, ఆరిన ఎపాక్సీ మీద జిడ్డు పొర ఒకటి రావచ్చు. గోరువెచ్చని నీళ్లూ గిన్నెలు తోమే పచ్చ పీచుతో కడిగేసి, ఆరాకే ఉప్పుకాగితం పట్టు. కడగకుండా రుద్దితే జిడ్డు అలుముకుని రెండో పొర ఊడొస్తుంది.

అప్పుడు పడవను తిరగేసి, వెనక సగం మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకు చూడు. కింద గుంట గానీ ఉబ్బు గానీ కనిపిస్తే పుట్టీ పట్టి తిన్నగా చెయ్. వెనక అంచు కత్తిలా ఉండాలి. గుండ్రంగా ఉంటే నీరు విడవకుండా పైకి పాకుతుంది. అందం కోసం అంచులు నున్నగా చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు మోటారు. నువ్వు చెప్పిన 2000 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి 2000 చుట్లు) మోటారుకు 4ఎస్ బ్యాటరీ, అంటే నాలుగు సెల్స్, 14.8 వోల్టులు పెడితే నిమిషానికి 29,600 చుట్లు. మొదటి పడవకు అంతకు మించి వద్దు. ఎక్స్440 ప్రొపెల్లర్ అంటే 40 మిల్లీమీటర్ల వ్యాసం, పిచ్, అంటే ఒక చుట్టుకు లెక్కలో ముందుకు పోయే దూరం, దానికి 1.4 రెట్లు, 56 మిల్లీమీటర్లు. లెక్కలో గంటకు 99 కిలోమీటర్లు వస్తుంది. మోటారు మీద బరువూ నీళ్లలో జారుడూ పోగా మూడింట రెండొంతులు దక్కితే సంతోషించు. చాలలేదని 42కి వెళ్లావా, అదే చుట్లకు గుంజే శక్తి లెక్కప్రకారం నాలుగోవంతు పైనే పెరుగుతుంది. ఈఎస్సీలు, అదే మోటారు వేగాన్ని నడిపించే కంట్రోలర్లు, కాలేది ఎక్కువగా ఆ రెండు మిల్లీమీటర్ల దగ్గరే. ప్రొపెల్లర్ బెరీలియం రాగిదైతే పొడిగా అరగదీయకు, ఆ ధూళి ఊపిరితిత్తులకు విషం. నీళ్లు పోస్తూ, మాస్కు పెట్టుకుని చెయ్.

మోటారు నుంచి ప్రొపెల్లర్‌కు వెళ్లే వంగే తీగ షాఫ్ట్, అదే ఫ్లెక్స్ షాఫ్ట్, లోడు పడగానే మెలిపడి పొట్టిదవుతుంది. అందుకే స్ట్రట్‌కూ, ప్రొపెల్లర్‌ను షాఫ్ట్‌తో పాటు తిప్పే డ్రైవ్ డాగ్‌కూ మధ్య మూడు, నాలుగు మిల్లీమీటర్ల సందు వదలాలి. నడిపిన ప్రతిసారీ షాఫ్ట్ బయటికి లాగి, తుడిచి, గ్రీజు రాసి పెట్టు. బ్యాటరీకీ ఈఎస్సీకీ మధ్య వైర్లు పొడిగించకు, దాని కెపాసిటర్లు ఉబ్బుతాయి. కనెక్టర్లూ టంకం సామానూ రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఛార్జి అవుతుంటే నిద్రపోకు, ఇల్లు వదిలి వెళ్లకు. ఉబ్బినదాన్ని మళ్లీ వాడకు. వారం పక్కన పెట్టేటట్టయితే ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచు.

ముందు కొసలోనూ పక్కల్లోనూ ఫోమ్ కుక్కు, నీళ్లు నిండినా పైకి తేలాలి. ట్రాన్స్‌మిటర్ ఆపితే మోటారు ఆగుతుందో లేదో గట్టు మీదే చూసుకో. చేత్‌పేట్ చెరువులో జనం పెడల్ బోట్లు తొక్కుతుంటారు, అక్కడికి అసలు పోకు. ముట్టుకాడు ఉప్పునీళ్లు బేరింగుల్ని తినేస్తాయి. మనుషులు దిగని, గుర్రపుడెక్క లేని మంచినీటి చెరువు చూసి, అనుమతి అడిగి నడుపు. మలుపులు కుడివైపుకే, టర్న్ ఫిన్ ఉన్నది ఆ పక్కనే. పడవ ఆగిపోతే ఈదుకుంటూ వెళ్లకు. గేలపు కర్రకు టెన్నిస్ బంతి కట్టి విసిరి లాక్కోవచ్చు.

నా దగ్గర మిగిలిన గ్లాస్ క్లాత్ మీ అమ్మతో పంపుతున్నాను. రెసిన్ మాత్రం పాతబడింది, కొత్తది కొనుక్కో. గ్రాముల తూకం కావాలంటే ఆదివారం వచ్చి పట్టుకెళ్లు, హల్ కూడా తీసుకురా, స్కేలు పెట్టి చూద్దాం.

మీ మామయ్య