కిడ్నీ జబ్బు పిల్లికి ముందు కడుపు నిండాలి

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన బ్లడ్ రిపోర్టు చూశాను. క్రియాటినిన్ (కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 3.1 అని చదివి రాత్రంతా నిద్రపోలేదన్నావు. మన బుజ్జిగాడికి 12 ఏళ్లు నిండాయి. ఆ వయసు పిల్లుల్లో ఇది చాలా మామూలుగా వచ్చే జబ్బు. నువ్వేదో పెట్టకూడనిది పెట్టావని కుమిలిపోకు. మా ఇంట్లో ముసలితనం దాకా బతికిన పిల్లులు చాలావరకు ఈ జబ్బుతోనే బతికాయి. డాక్టరు గారికి నిన్ను కూర్చోబెట్టి చెప్పే తీరిక ఉండదు కాబట్టి, ఇంట్లో అక్కరకొచ్చేవి నేను రాస్తున్నాను.

కిడ్నీలో పాడైన భాగం మళ్లీ బాగుపడదు. ఈ మాట ముందే మనసుకు చెప్పుకో, లేకపోతే ప్రతి రిపోర్టుకీ ఆశ పడటం, కుంగిపోవడం అవుతుంది. క్రియాటినిన్ పెరిగి కాగితం మీద కనబడేసరికే కిడ్నీల పనిలో సుమారు ముప్పాతిక వంతు పోయి ఉంటుంది. వినడానికి భయంగానే ఉంటుంది గానీ, మిగిలిన ఆ పావు వంతుతోనే వాడు మొన్నటిదాకా ఫ్రిజ్ ఎక్కి కూర్చున్నాడు కదా! ఇక మన పనల్లా ఆ పావు వంతును కాపాడుకోవడం.

ఆ 3.1 గురించి కూడా ఒక మాట. పశువైద్యులు ఐరిస్ అనే పద్ధతిలో ఈ జబ్బును నాలుగు దశలుగా చూస్తారు. క్రియాటినిన్ 1.6 నుంచి 2.8 దాకా రెండో దశ, 2.9 నుంచి 5 దాకా మూడో దశ, 5 దాటితే నాలుగోది. కానీ ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు తీసిన రక్తంలో ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. రిపోర్టు రోజుకి వాడు రెండు రోజులుగా సరిగ్గా తినలేదు, తాగలేదు అన్నావు. కాబట్టి కుదుటపడ్డాక మళ్లీ చూడాలి. అప్పుడు రక్తం ఒక్కటే కాదు, మూత్రం కూడా చూడమని అడుగు: దాని చిక్కదనం ఎంత, ప్రోటీన్ పోతోందా, ఇన్‌ఫెక్షన్ ఉందా అని. ఫాస్ఫరస్, పొటాషియం, బీపీ కూడా. మీ పక్క వీధి క్లినిక్‌లో పిల్లికి బీపీ చూసే మిషన్ లేకపోతే నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో గానీ, రాజేంద్రనగర్ వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రిలో గానీ అడిగి చూడు.

ఇక అసలు సంగతి, తిండి. కిడ్నీ డైట్ అని డాక్టరు రాసిన మేత మంచిదే. పాడైన కిడ్నీలు బయటికి పంపలేక ఒంట్లో పేరుకుపోయే ఫాస్ఫరస్ అందులో తక్కువ ఉంటుంది. దాన్ని తిన్న పిల్లులు ఎక్కువ కాలం బతికాయని పరిశోధనల్లోనూ తేలింది. కానీ రేపట్నుంచి పాత తిండి బంద్ చేసి ఇదే పెడతానన్నావే, ఆ పని మాత్రం చెయ్యొద్దు. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని మీ ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆకలి రుచెరగదు అన్నది మనుషుల మాట. పిల్లి నచ్చని గిన్నె ముందు పస్తుంటుంది. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా లివర్‌కి పట్టి, కిడ్నీకంటే ముందు అదే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: ముందు తినాలి, ఏం తినాలన్నది ఆ తరవాత.

పాత తిండి గిన్నె అక్కడే ఉంచి, కొత్తది పక్కన ఇంకో గిన్నెలో కొంచెం పెట్టు. వాసన చూసి వదిలేసినా పట్టించుకోకు. కొన్ని వారాలు పట్టనీ. ఇంకో ముఖ్యమైన విషయం, వాడికి వికారంగా ఉన్న రోజుల్లో కొత్త తిండి అసలు చూపించకు. ఆ వికారాన్ని ఆ వాసనకే అంటగట్టుకుని ఇక జన్మలో ముట్టడు.

వికారం ఉందని ఎలా తెలుస్తుంది అంటావా? పిల్లి వాంతి చేసుకుంటేనే వికారం అనుకోకు. గిన్నె దగ్గరికి ఆశగా వస్తాడు. వంగి వాసన చూస్తాడు. ఒకటి రెండుసార్లు పెదవులు నాక్కుంటాడు, గుటక మింగుతాడు, ముఖం తిప్పుకుని రెండడుగులు అవతల కూర్చుంటాడు. మళ్లీ వస్తాడు, మళ్లీ అదే. చూసేవాళ్లకి "పొగరు, తిండికి వంకలు" అనిపిస్తుంది. వాడికి ఆకలి ఉంది, కడుపులో తిప్పుతోంది అంతే. ఇలా చేస్తుంటే ఫోన్లో వీడియో తీసి డాక్టరుకి చూపించు. మారోపిటాంట్, ఓండాన్‌సెట్రాన్ లాంటి వికారం తగ్గించే మందులున్నాయి, ఆకలి పుట్టించడానికి మిర్టాజపిన్ ఉంది. వాటితో చాలా పిల్లులు గిన్నె దగ్గరికి తిరిగొస్తాయి. మందులిచ్చినా తినకపోతే మెడ పక్కనుంచి ట్యూబు వేసి తిండి పంపే పద్ధతి కూడా ఉంది. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది గానీ, రోజూ నోరు తెరిచి సిరంజితో కుక్కడం కంటే పిల్లికి అదే నయం.

మనిళ్లలో పెట్టేవాటి సంగతి చెప్తాను. పాలు, పెరుగన్నం, ఎండు చేపలు, ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు, గుడ్డు పచ్చసొన, వీటన్నిటిలోనూ ఫాస్ఫరస్ ఎక్కువ. మెల్లగా తగ్గించు. గుడ్డు తెల్లసొన ఉడకబెట్టి కొంచెం కలపొచ్చు, అందులో ఫాస్ఫరస్ బాగా తక్కువ. ప్రోటీన్ కిడ్నీకి చేటు అని విని ఉత్త అన్నం మీదికి దించకు. పిల్లి మాంసం తిని బతికే జంతువు. ప్రోటీన్ మరీ తగ్గిస్తే వెన్నెముక మీద కండ కరిగి ఎముకలు చేతికి తగులుతాయి. తిండి మార్చినా ఫాస్ఫరస్ దిగకపోతే, దాన్ని ఒంటికి పట్టకుండా ఆపే బైండర్ అనే మందు డాక్టరు రాస్తారు. ఆ మందు తిండిలో కలిపి ఇస్తేనే పని చేస్తుంది. మిగతా మాత్రలు మాత్రం తిండిలో దాచకు, ఒకసారి చేదు తగిలితే ఆ తిండినే అనుమానిస్తాడు. మాత్ర నాలుక మీద బాగా లోపలికి వేసి, వెంటనే సిరంజితో కాసిని నీళ్లు పట్టు. లేకపోతే గొంతు గొట్టంలో అంటుకుని పుండు చేస్తుంది.

ఇల్లంతా మూత్రం పోస్తున్నాడని నీళ్ల గిన్నె తీసేద్దామా అని అడిగావు. వద్దమ్మా. ఆ కిడ్నీలు నీళ్లు పట్టి ఉంచలేక వదిలేస్తున్నాయి, అందుకే అంత తాగుతున్నాడు. గిన్నె తీసేస్తే ఒక్క పూటలో ఒళ్లు ఎండిపోతుంది, ఈ ఎండల్లో మరీను. వెడల్పాటి గిన్నెలు హాల్లో, బెడ్‌రూంలో, బాల్కనీ తలుపు దగ్గర పెట్టు. వాడు మలమూత్రాలకి వెళ్లే మట్టి ట్రే ఇంకోటి కొని, వాడు ఎక్కువగా పడుకునే చోటికి దగ్గరగా ఉంచు. పొడి మేతకంటే తడి తిండి మేలు, అందులో కూడా రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలుపు.

ఒంట్లో నీళ్లు తగ్గకుండా ఎక్కించే సెలైన్ గురించి భయపడుతున్నావు కదా, అది వివరంగా రాస్తాను. ఇది నరంలోకి ఎక్కించేది కాదు, చర్మం కిందికి. మామూలుగా ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) బాటిల్ రాస్తారు. వాడి సైజు పిల్లికి ఒకసారికి 100 మి.లీ. చుట్టుపక్కల ఉంటుంది, ఎన్నాళ్లకోసారి అన్నది డాక్టరు చెప్పాలి. గ్లూకోజ్ కలిసిన బాటిల్ చర్మం కిందికి వాడకూడదు, మందుల షాపులో ఏది ఇస్తే అది తెచ్చుకోకుండా పేరు చదివి తీసుకో. బాటిల్‌ని వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి, మణికట్టు మీద ఒక చుక్క వేసి చూడు, చల్లగానూ వేడిగానూ అనిపించకూడదు. కిటికీ గ్రిల్‌కి ఎత్తుగా వేలాడదీసి, ట్యూబులో గాలి పోయేదాకా కాస్త వదులు. వాడిని ఒళ్లో తువ్వాలు మీద కూర్చోబెట్టుకుని, భుజాల మధ్య వదులు చర్మాన్ని ఎడమచేత్తో గుడారంలా పైకి లాగు. సూది మొన ఏటవాలుగా కోసి ఉన్న వైపు పైకి ఉండాలి. ఆ గుడారం మొదట్లో, వీపుకి సమాంతరంగా, ఒక్కసారే లోపలికి పోనీ. ఆగి ఆగి నెడితేనే నొప్పి. సూది 20 గేజ్ అయితే సరిపోతుంది. మరీ సన్నది తీసుకుంటే కుట్టినట్టు తెలియకపోవచ్చు గానీ, బాటిల్ దిగడానికి చాలా సేపు పట్టి వాడికి విసుగొస్తుంది. చేతికి తడి తగిలితే సూది అటువైపు నుంచి బయటికొచ్చిందని అర్థం, తీసి కొత్తది గుచ్చు. అయ్యాక ఆ చోట చర్మాన్ని ఒక నిమిషం రెండు వేళ్లతో నొక్కి పట్టుకో. మూపు మీద బుడగలా ఉబ్బుతుంది, సాయంత్రానికి ఒక కాలి వైపు జారినా కంగారు పడకు, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది.

గుండె బలహీనంగా ఉన్న పిల్లికి ఈ సెలైనే ముప్పు, కాబట్టి మొదలుపెట్టేముందు గుండె చూపించు. నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం అలవాటు చేసుకో. నిమిషానికి 30 దాటుతూ ఉంటే సెలైన్ ఆపి వెంటనే ఫోన్ చెయ్యి.

బీపీ చూడమన్నది ఊరికే కాదు. ఈ జబ్బులో బీపీ పెరిగితే కంటి వెనక పొర ఊడి రాత్రికి రాత్రే చూపు పోవచ్చు. కంటిపాప వెలుతురులో కూడా పెద్దగా ఉండిపోయినా, గోడలకి తగులుతూ నడిచినా అదే రోజు తీసుకెళ్లు. మనుషులు వేసుకునే ఆమ్లోడిపిన్ మాత్రే పిల్లులకీ ఇస్తారు, కానీ చిన్న ముక్క. డాక్టరు చెప్పకుండా నీ అంతట నువ్వు విరిచి వెయ్యకు. తల ఎత్తలేక మెడ వాల్చేస్తే పొటాషియం పడిపోయిందేమో చూపించాలి. మలం గట్టిగా, ఎండు ముక్కల్లా వస్తే అదీ చెప్పు, మలబద్ధకం వల్ల కూడా తిండి మానేస్తారు.

పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి. ఒళ్లు వెచ్చగా ఉందని ఎవరైనా అరముక్క వెయ్యమన్నా వినకు. నొప్పి మాత్రలూ అంతే. బంధువులు కొండపిండి ఆకు కషాయం, పల్లేరు కాయల నీళ్లు పట్టమంటారు, వద్దని మర్యాదగా చెప్పు. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీలు ఇంట్లోకి రానివ్వకు, వాటి పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి. మనం దండలు కట్టే సన్న లిల్లీల సంగతి కాదు నేను చెప్పేది.

వారానికోసారి బరువు చూసి క్యాలెండర్ మీద రాసిపెట్టు. 4 కిలోల పిల్లికి 200 గ్రాములు తగ్గాయంటే ఇరవయ్యో వంతు పోయినట్టు. చేత్తో ఎత్తితే అది తెలియదు.

ఖర్చు సంగతి దాచుకోకు. నెలకి ఇంతే పెట్టగలనని డాక్టరుతో సూటిగా చెప్పు, దాన్నిబట్టి ఏ పరీక్ష ముందు, ఏది ఆగొచ్చు అన్నది వాళ్లు చూస్తారు. ఇంకో మాట రాయాలంటే చెయ్యి ఆడటం లేదు గానీ, ఎప్పుడో ఒకసారి చెప్పాల్సిందే. మందులన్నీ వాడుతున్నా వాడు తినడం, ఒళ్లు నాక్కోవడం, నీ దగ్గరికి రావడం మూడూ మానేస్తే, ఇంకా లాగుదామా వద్దా అని డాక్టరుని అడగడం పాపం కాదు. ఆ రోజు నువ్వు ఒక్కదానివే నిర్ణయించాల్సిన పని లేదు, నేను వస్తాను. ఇప్పుడైతే వాడు నీ కంచం దగ్గరికి వస్తున్నాడని నువ్వే రాశావు. ఆ రోజు ఇంకా దూరం.

శనివారం వెళ్లేటప్పుడు మూత్రం పరీక్షా, బీపీ రెండూ అడగడం మరిచిపోకు. సెలైన్ మొదటిసారి అక్కడే దగ్గరుండి నీ చేత ఎక్కించమను. రిపోర్టులు రాగానే ఫొటో తీసి పంపు.

మీ పెద్దమ్మ