ఆల్క్‌బి పరీక్ష మొదలుపెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ గైడుగారు నీకు ఆల్క్‌బి ఎంజైమును అప్పగించారని, అది డీఎన్ఏను ఎంతవరకు బాగుచేస్తుందో కొలిచే పని వచ్చే వారం మొదలవుతుందని రాశావు. నేను ఆ ఎంజైముతో చాలా ఏళ్లు గడిపాను. అందుకే, ప్రొటోకాల్ కాగితం మీద ఒక్కో ముక్కగా కనిపించే జాగ్రత్తలను వాటి కారణాలతో సహా నీకు చెప్పాలనిపించింది. వాటన్నిటికీ మూలం ఒకటే. ఈ ఎంజైముకు ప్రాణం దానిలోని ఇనుము. ఆ ఇనుమును కాపాడుకుంటే మిగతా పని చాలావరకు సాగిపోతుంది.

ఈ.కోలై బ్యాక్టీరియాలో ఈ ఎంజైము జన్యువును జపాన్ శాస్త్రవేత్తలు 1983లో గుర్తించారు. అది లేని బ్యాక్టీరియా మిథైల్ మిథేన్‌సల్ఫోనేట్‌ను, అంటే డీఎన్ఏకు మిథైల్ గుంపులను అంటించే, మనం ఎంఎంఎస్ అని పిలిచే రసాయనాన్ని, తట్టుకోలేదని అప్పుడే తేలింది. అయినా ఆ ప్రోటీను చేసే పనేమిటో దాదాపు ఇరవై ఏళ్లు తేలలేదు. 2000లో బార్బరా సెడ్జ్‌విక్, టోమస్ లిండాల్‌ల బృందం ఎంఎంఎస్‌తో దెబ్బతీసిన ఫేజ్‌లను, అంటే బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లను, ఆ జన్యువు లేని బ్యాక్టీరియాలోకి పంపి చూసినప్పుడు, ఒంటిపోగు డీఎన్ఏ ఉన్న ఫేజ్‌లే బాగా దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాది అరవింద్, కూనిన్‌లు ప్రోటీను వరుసలను పోల్చి, ఇది ఇనుముతోనూ, కణాల్లో ఉండే 2-ఆక్సోగ్లుటరేట్ అనే చిన్న అణువుతోనూ పనిచేసే ఆక్సిజనేజ్ కుటుంబానికి చెందినదని ఊహించారు. ఆ రెండు ఆనవాళ్లు కలిశాక, 2002లో ఇంగ్లండులో ఒక బృందం, నార్వేలో మరొకటి, ఇనుమునూ 2-ఆక్సోగ్లుటరేట్‌నూ ఎంజైముతో ట్యూబులో కలిపి మరమ్మతును కళ్లకు కట్టించాయి. సరైన తోడు లేకపోతే ఎంత మంచి ఎంజైమైనా ట్యూబులో మౌనంగా కూర్చుంటుంది. ఈ చరిత్రను నువ్వు రోజూ గుర్తుంచుకోవాలని నా కోరిక.

పని తీరు కూడా మనసులో స్పష్టంగా ఉండాలి. లిండాల్ 1974లో కనుగొన్న యురాసిల్ గ్లైకోసిలేజ్ చెడిన బేసును, అంటే డీఎన్ఏలోని ఒక అక్షరాన్ని, కోసి పారేస్తుంది, ఆ ఖాళీని పూడ్చడానికి మరికొన్ని ఎంజైములు రావాలి. ఆల్క్‌బి దేన్నీ కోయదు. అడినైన్ ఒకటో నత్రజని మీదనో, సైటోసిన్ మూడో నత్రజని మీదనో అంటుకున్న మిథైల్‌కు ఒక ఆక్సిజన్ పరమాణువును చేరుస్తుంది. రెండో ఆక్సిజన్ పరమాణువు 2-ఆక్సోగ్లుటరేట్‌లోకి వెళ్లి, దాన్ని సక్సినేట్‌గానూ కార్బన్ డయాక్సైడ్‌గానూ మారుస్తుంది. ఆక్సిజన్ చేరిన మిథైల్ అక్కడ నిలవలేక ఫార్మాల్డిహైడ్‌గా ఊడిపోతుంది, పాత బేసు చెక్కుచెదరకుండా మిగులుతుంది. ఇంత పొందికైన మరమ్మతును నేను మరే ఎంజైములోనూ చూడలేదు.

ఇక జాగ్రత్తల మాట. నేను గ్లైకోసిలేజ్ పని నుంచి ఈ పనిలోకి వచ్చినప్పుడు, పాత అలవాటు ప్రకారం ఎంజైమును నిల్వచేసే బఫర్‌లో, అంటే ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణంలో, లోహాలను పట్టేసే ఈడీటీఏ అనే రసాయనాన్ని ఒక మిల్లీమోలార్ వేశాను. యురాసిల్ గ్లైకోసిలేజ్‌కు లోహంతో పని లేదు కనుక దానికి ఈడీటీఏ వల్ల ఏ హానీ జరగదు, పైగా డీఎన్ఏను కోసే కల్తీ ఎంజైములను అది అణచిపెడుతుంది. ఆల్క్‌బికి మాత్రం అదే విషం, ఎందుకంటే ఇనుమును ఈడీటీఏ పట్టేసుకుంటుంది. మూడు వారాలపాటు ప్రతి ట్యూబూ శూన్యమే చూపించింది. ప్రోటీను చెడిపోయిందనుకుని రెండుసార్లు కొత్తగా తయారుచేశాక గానీ బఫర్ సీసా మీది చీటీని శ్రద్ధగా చదవలేదు. నువ్వు మొదటి రోజే నీ బఫర్లన్నిటి కూర్పునూ ఒక కాగితం మీద రాసుకుని, ఈడీటీఏ ఎక్కడెక్కడ దాగి ఉందో చూసుకో. ఆలిగోలు, అంటే చిన్న డీఎన్ఏ ముక్కలు, కరిగించే ద్రావణంలో కూడా అది ఉంటుంది.

హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లపు తోక ఉన్న ప్రోటీనును నికెల్ కాలమ్ మీద శుద్ధి చేస్తావు కదా, అక్కడ మరో చిక్కు ఉంది. కాలమ్ నుంచి కారిన నికెల్ ఇనుముండవలసిన చోట కూర్చుంటే ఎంజైము పనిచేయదు. అందువల్ల శుద్ధి అయ్యాక ముందు ఈడీటీఏ ఉన్న బఫర్‌లో డయాలసిస్ చేసి లోహాలను లాగేసి, తరువాత ఈడీటీఏ లేని బఫర్‌ను కనీసం రెండుసార్లు మార్చి, ఆ ఈడీటీఏను కూడా పూర్తిగా కడిగేయాలి. ఈ రెండో మెట్టులో తొందరపడవద్దు.

ఎంజైముకు ఇనుము అందించే ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ ద్రావణాన్ని ఏ రోజుకారోజు, పరీక్షకు కొద్ది నిమిషాల ముందే కలుపు. తాజాగా ఉన్నప్పుడు అది దాదాపు నీళ్లలాగే, వెలుగుకు పట్టి చూస్తే లేత ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. బల్ల మీద వదిలేస్తే నెమ్మదిగా పసుపెక్కి, చివరికి అడుగున తుప్పు రంగు పొడి చేరుతుంది. పసుపు కనిపిస్తే మరో ఆలోచన లేకుండా పారబొయ్యి. ఇనుము గాలికి చెడకుండా ఆస్కార్బేట్, అంటే విటమిన్ సి, కాపాడుతుంది కనుక, హెపెస్ బఫర్‌లో ముందు ఆస్కార్బేట్, 2-ఆక్సోగ్లుటరేట్ వేసి, ఆ తరువాతే ఇనుమును చేర్చు. ఫాస్ఫేట్ బఫర్ ఇనుమును అవక్షేపంగా దించేస్తుంది. ట్రిస్ అనే బఫర్‌లో ఉన్న అమైన్ గుంపు ఫార్మాల్డిహైడ్‌తో కలిసిపోతుంది కనుక, నువ్వు కొలవాలనుకున్నదాన్నే అది మింగేస్తుంది.

డీఎన్ఏ విషయానికొస్తే, సైటోసిన్‌లు మాత్రమే ఉన్న ఒంటిపోగు ఆలిగోతో మొదలుపెట్టు. గ్వానిన్ ఉంటే ఎంఎంఎస్ ఎక్కువగా దాని ఏడో నత్రజని మీదికే వెళుతుంది, ఆ గాయాన్ని ఆల్క్‌బి ముట్టుకోదు. అప్పుడు నీ లెక్కలు అర్థం కాకుండా పోతాయి. ఎంఎంఎస్‌ను ఫ్యూమ్ హుడ్ బయట ఎన్నడూ తెరవవద్దు. మనం ట్యూబులోని డీఎన్ఏకు చేసే హానిని అది మన డీఎన్ఏకూ చేయగలదు. చర్య ముగిశాక మిగిలిన ఎంఎంఎస్‌ను డీసాల్టింగ్ కాలమ్‌తో పూర్తిగా తొలగించాలి, లేకపోతే అది నీ ఎంజైము మీదనే పడుతుంది.

పోలిక కోసం పెట్టే కంట్రోల్ ట్యూబుల గురించి కొంచెం గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకు. ఇనుము, ఆస్కార్బేట్, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే ఎంజైము లేకుండానే కొంత రసాయన చర్య జరుగుతుంది. అలాగే బాగుచేయవలసిన డీఎన్ఏ లేకపోయినా ఆల్క్‌బి కొంత 2-ఆక్సోగ్లుటరేట్‌ను ఖర్చు చేస్తుంది. కాబట్టి సక్సినేట్ పెరిగిందని చూసి మరమ్మతు జరిగిందని రాయవద్దు, ఫార్మాల్డిహైడ్‌నో, బాగుపడిన డీఎన్ఏనో నేరుగా కొలువు. ఎంజైము లేని ట్యూబు, 2-ఆక్సోగ్లుటరేట్ లేని ట్యూబు, మిథైల్ ఎక్కించని ఆలిగో ఉన్న ట్యూబు ప్రతిసారీ ఉండాలి. వీలైతే ఇనుమును పట్టుకునే 131వ హిస్టిడిన్‌ను మార్చిన ప్రోటీనును కూడా అదే కాలమ్ మీద, అదే రోజున శుద్ధి చేసి పెట్టుకో. ఆ మార్చిన ప్రోటీను కూడా సంకేతం ఇస్తోందంటే, నీ కల్తీ ఎక్కడో ఉందని అర్థం. చర్యను ఆపాలనుకున్నప్పుడు మాత్రం నిస్సంకోచంగా ఈడీటీఏ వేసుకో.

మొదటి రీడింగులు రాగానే నాకు పంపు. ఎంజైము ఉన్న ట్యూబు అంకె ఒక్కటే కాకుండా ఈ కంట్రోల్ ట్యూబులన్నిటి అంకెలూ, ఆ రోజు ఇనుము కలిపిన సమయమూ రాసి పంపితే, తేడా ఎక్కడ వచ్చిందో ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ