నీలం బంతి దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి,

స్నూకర్ ఆటగాడు, వ్యాఖ్యాత విల్లీ థార్న్ మీద నువ్వు రాసిన స్మృతి వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలో 'స్నూకర్ దిగ్గజం', 'తీరని లోటు', 'అభిమానుల గుండెల్లో చిరస్థాయి' మూడూ ఉన్నాయి. వాటిని అలాగే ఉంచి పేరొక్కటి మారిస్తే రేపు ఏ మాజీ ఎమ్మెల్యే పోయినా అతికిపోతాయి. కొట్టెయ్. 1954 మార్చి 4న ఇంగ్లండ్‌లో లెస్టర్ పక్కనున్న ఆన్‌స్టీలో పుట్టాడు, 2020 జూన్ 17న స్పెయిన్‌లోని ఆసుపత్రిలో 66 ఏళ్ల వయసులో పోయాడు, రక్త క్యాన్సర్ ఉన్నట్టు ఆ మార్చిలోనే బయటపడింది: ఇంత రాస్తే చాలు, అదీ మొదట్లో అక్కర్లేదు.

'గెలిచారు' అనాలా 'గెలిచాడు' అనాలా అని అంచున పెన్సిల్‌తో అడిగావు. ఆటగాళ్ల విషయంలో మన క్రీడాపేజీల అలవాటు 'గెలిచాడు'. చావు దగ్గరికి రాగానే బహువచనం తగిలించకు. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే నడుపు.

అసలు చిక్కు వేరే ఉంది. తెలుగు పాఠకుల్లో ఎక్కువమంది స్నూకర్ బల్లని టీవీలోనే చూసి ఉంటారు, కానీ క్యారమ్ బోర్డు తెలియని ఇల్లు తక్కువ. అక్కణ్నుంచి రా. క్యారమ్స్‌లో ప్రతి దెబ్బకీ స్ట్రైకర్‌ని మళ్లీ చేతిలోకి తీసుకుని గీత మీద నచ్చిన చోట పెట్టుకుంటాం. స్నూకర్‌లో తెల్లబంతి ఎక్కడ ఆగితే అక్కణ్నుంచే తరవాతి దెబ్బ. ఈ ఒక్క తేడా చెప్పావంటే సగం ఆట చెప్పినట్టే. బంతిని పాకెట్‌లో వెయ్యడం ఎంత ముఖ్యమో, తెల్లబంతిని తరవాతి బంతికి అనువుగా నిలుపుకోవడమూ అంతే ముఖ్యమని పాఠకుడికి తెలిసిపోతుంది. ఇక బల్ల కొలతలు ఒక్క వాక్యంలో వచ్చెయ్యాలి: ఆడే జాగా సుమారు 3.57 మీటర్ల పొడవు, 1.78 మీటర్ల వెడల్పు, బంతి అడ్డుకొలత 52.5 మిల్లీమీటర్లు.

ఇప్పుడు నీలం బంతి. 1985 యూకే ఛాంపియన్‌షిప్ ఫైనల్, ప్రెస్టన్ గిల్డ్ హాల్, ఎదురుగా స్టీవ్ డేవిస్. ముందు 16 ఫ్రేములు (ఫ్రేము అంటే ఒక ఆట) గెలిచినవాడిదే కప్పు. థార్న్ 13–8తో ముందున్నాడు. 22వ ఫ్రేములో తన స్థానంలోనే ఉన్న నీలం బంతి వేస్తే 14–8. నీలం స్థానం బల్లకి సరిగ్గా నడిమధ్య. ఆ స్థాయి ఆటగాడికి అది రోజువారీ దెబ్బ. వెయ్యలేకపోయాడు. 13–9 అయింది. అక్కణ్నుంచి థార్న్ ఒక్క ఫ్రేమే గెలిచాడు, డేవిస్ 16–14తో కప్పు ఎత్తుకెళ్లాడు.

నువ్వు దీన్ని నాలుగో పేజీలో 'దురదృష్టవశాత్తు ఓడిపోయాడు' అని ఒక ముక్కలో తేల్చేశావు. అదృష్టం ఊసెత్తకు, లెక్క చెప్పు. అదే ఏడాది జనవరిలో క్లాసిక్ టోర్నమెంట్ ఫైనల్‌లో థార్న్ క్లిఫ్ థోర్‌బర్న్‌ని ఓడించింది 13–8తోనే. ఆయన గెలిచిన ఒకే ఒక్క ర్యాంకింగ్ టైటిల్ (ఆటగాళ్ల ర్యాంకుల్లో లెక్కకొచ్చే టోర్నమెంటు) అది. జనవరిలో కప్పు తెచ్చిన స్కోరు ఏడాది చివర సరిపోలేదు, ఎందుకంటే ఈసారి గీత 13 దగ్గర లేదు, 16 దగ్గరుంది. ఇలాంటి అంకెలు దొరికితే విశేషణాల కోసం వెతుక్కోనక్కర్లేదు.

డేవిస్‌ని కూడా బొమ్మలా నిలబెట్టకు. ఆ ఏప్రిల్‌లోనే షెఫీల్డ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో 8–0తో ముందుండి, చివరి ఫ్రేము చివరి నల్లబంతి దగ్గర డెన్నిస్ టేలర్‌కి 18–17తో ఓడిపోయినవాడాయన. ఆధిక్యం ఎలా కరిగిపోతుందో సొంత అనుభవంతో తెలిసినవాడి ఎదుట థార్న్ 13–8తో నిలబడ్డాడు.

ఒక హెచ్చరిక. 'ఆ క్షణంలో థార్న్ మనసులో భయం మొలకెత్తింది' అని రాశావు. నీకెలా తెలుసు? తేలిక బంతులు ఎందుకు తప్పుతాయో సాధారణంగా చెప్పొచ్చు: చూపు దెబ్బ పూర్తికాకముందే తరవాతి బంతి మీదికి జారుతుంది, తల లేస్తుంది, పట్టు బిగుసుకుని క్యూ, అంటే బంతిని కొట్టే కర్ర, పక్కకి ఒరుగుతుంది. ఇవన్నీ ఏ కోచ్ అయినా చెప్పేవే. వాటిలో ఏది ఆ రోజు జరిగిందో రికార్డింగ్‌లో కనిపిస్తే రాయి, లేకపోతే వదిలెయ్.

'మిస్టర్ మాగ్జిమమ్' అన్న మారుపేరు బాగానే పట్టావు, వివరణ లేదు. మాగ్జిమమ్ అంటే ఒక్క దఫాలో బల్ల మీద దొరికే గరిష్ఠ స్కోరు. ఎరుపుకి 1, నలుపుకి 7 పాయింట్లు. 15 ఎర్రబంతులు, ప్రతిదాని వెంట ఒక నలుపు: 15×8 = 120. ఆపైన ఆరు రంగులకీ (2 నుంచి 7 దాకా) 27. మొత్తం 147. ప్రాక్టీసులో అలాంటివి దాదాపు 200 చేశాడని చెప్పుకుంటారు. ప్రాక్టీసులో రిఫరీ ఉండడు కాబట్టి 'చెప్పుకుంటారు' అన్న మాట తీసెయ్యకు. 1987 యూకే ఛాంపియన్‌షిప్‌లో టామీ మర్ఫీ మీద చేసినది మాత్రం రికార్డుల్లో ఉంది, దాన్ని తేదీతో సహా గట్టిగా రాయొచ్చు.

వ్యాఖ్యాతగా థార్న్‌ని 'మధుర గంభీర స్వరం' అని దాటేశావు. గొంతు గురించి రాయడం తేలిక, పని గురించి రాయడమే కష్టం. క్రికెట్ కామెంటరీకి అలవాటుపడ్డ మన చెవికి స్నూకర్ వ్యాఖ్యానంలో ముందు తెలిసేది మౌనం. ఆటగాడు క్యూ మీదికి వంగగానే వ్యాఖ్యాత ఆగిపోతాడు. ఆ లోపే రెండు సంగతులు చెప్పేసి ఉండాలి: తెల్లబంతిని ఎక్కడ ఆపాలనుకుంటున్నాడు, బల్ల మీద ఇంకా ఎన్ని పాయింట్లున్నాయి. రెండోది నోటిలెక్క: నాలుగు ఎర్రబంతులుంటే 4×8+27, అంటే 59. వెనకబడ్డవాడు 60 తేడాతో ఉంటే బంతులన్నీ వేసినా చాలదు, ఎదుటివాడి చేత ఫౌల్ చేయించాలి. థార్న్ మాట్లాడిన ఒక ఫ్రేము తీసుకుని దెబ్బకి ముందు ఏం చెప్పాడో రాసుకో, తెల్లబంతి ఎక్కడ ఆగిందో పక్కన రాసుకో. ఎన్నిసార్లు కలిసిందో చూస్తే మాజీ ఆటగాడు ఆ కుర్చీలో ఎందుకు కూర్చుంటాడో నీకే తెలుస్తుంది.

జూదం సంగతి మొత్తం వదిలేశావు. పోయినవాళ్ల గురించి చెడు రాయకూడదన్న మన సంకోచం అర్థమవుతుంది, కానీ ఆయనే దాచుకోలేదు. 2016లో దివాలా తీశాడు. మరో ఆటగాడు జాన్ పారట్ క్యూ పోయి, అరువు క్యూతో ఆడబోతున్నాడని తెలిసి అతను ఓడిపోతాడని పెద్ద మొత్తం పందెం కాశాడు. పారట్ గెలిచాడు. ఆ మ్యాచ్‌కి మైకు దగ్గర కూర్చున్నది థార్నే. ఇది రాయాలంటే క్యూ గురించి ఒక వాక్యం కావాలి: సుమారు అర కిలో కర్ర, పది మిల్లీమీటర్లకి అటూఇటూగా తోలు కొస, ఏళ్ల తరబడి ఒక్క చేతికే అలవాటైనది. అప్పుడే ఆ పందెం ఆయనకెందుకు ఖాయమనిపించిందో తెలుస్తుంది. ఇది మొదటి పేరాలో పెడితే తీర్పులా ఉంటుంది, చివర్లో పెడితే శిక్షలా ఉంటుంది. వ్యాఖ్యానం పేరా వెంటనే పెట్టు.

తరవాత ప్రపంచ ఛాంపియన్ అయిన సెల్బీ గురించి, 'మార్క్ సెల్బీని తీర్చిదిద్దాడు' అన్న వాక్యం తప్పు. లెస్టర్‌లోని క్లబ్బులో కుర్రాడు సెల్బీకి డబ్బు తీసుకోకుండా బల్ల ఇచ్చింది విల్లీ సోదరుడు మాల్కమ్ థార్న్. క్లబ్బు మీద విల్లీ పేరుంది కదా అని మాల్కమ్ చేసిన మంచి విల్లీ ఖాతాలో వెయ్యకు.

మళ్లీ రాసేటప్పుడు నీలం దగ్గరే మొదలుపెట్టు. అది ఏ పాకెట్ వైపు వెళ్లింది, ఏ అంచుకి తగిలింది, తెల్లబంతి ఎక్కడ ఆగింది అన్నవి రికార్డింగ్ చూశాకే రాయి. దొరక్కపోతే అంతమేరకు కాగితం మీద ఖాళీ వదిలి పంపు.