వాహన సలహాలు: రోహిణి కార్తెకు ముందు ఏడు సీట్ల బండికి కొత్త టైర్లు

ప్రశ్న: మాది 2019 నాటి మారుతి ఎర్టిగా. అరవై వేల కిలోమీటర్లు దాటింది. కంపెనీ నుంచి వచ్చిన టైర్లే ఇప్పటికీ నడుస్తున్నాయి. ముందు టైర్లు రెండూ లోపలి అంచునా బయటి అంచునా బాగా అరిగాయి, మధ్యలో మాత్రం గాడులు కనిపిస్తున్నాయి, వెనకవి పరవాలేదు. ఈ వేసవిలో అమ్మానాన్నలు, పిల్లలతో కలిసి ఏడుగురం మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు పెళ్లిళ్లకు పోవాల్సి ఉంది. జర్మనీలో ఉంటున్న మా చెల్లెలు ‘సమ్మర్ టైర్లు అని అడిగి తీసుకో అన్నా’ అంటోంది. ఇక్కడి దుకాణాల్లో ఆ పేరుతో ఏమీ లేవంటున్నారు. ఒకరు 195 సైజు వేసుకుంటే బండి ఇంకా నిలకడగా ఉంటుందన్నారు. మరొకరు రెండేళ్ల కిందటి సరుకు తక్కువ ధరకు ఇస్తామన్నారు. ఏవి తీసుకోవాలి? ముందువి రెండే మారిస్తే సరిపోతుందా?
— ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మీ చెల్లెలు చెప్పినది ఆమె ఉన్న దేశానికి పూర్తిగా సరైన సలహా. అక్కడ రోడ్డు మీద మంచు గాని, గడ్డకట్టిన నీరు గాని ఉన్నప్పుడు చలికాలపు టైర్లు లేకుండా బండి నడపడం చట్టవిరుద్ధం. అందుకే చాలా కుటుంబాలు రెండు జతల టైర్లు ఉంచుకొని, అక్టోబరులో ఒకసారి, ఈస్టర్ పండుగ నాటికి మరోసారి మార్చుకుంటాయి. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కన్నా తగ్గితే మామూలు టైరు రబ్బరు బిరుసెక్కి పట్టు కోల్పోతుంది. చలికాలపు టైరు రబ్బరును ఆ చలిలోనూ మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. అదే టైరును మన ఎండల్లో నడిపితే త్వరగా అరిగిపోవడమే కాక, బ్రేకు వేసినప్పుడు బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. మన దుకాణాల్లో కార్లకు మామూలుగా అమ్మేవన్నీ వేడి రోడ్లకు తగిన రబ్బరుతో చేసినవే కాబట్టి, ప్రత్యేకంగా అడగవలసిన పని లేదు. దిగుమతి టైరు ఏదైనా చవకగా చూపిస్తే మాత్రం, దాని పక్కభాగం మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న బొమ్మ కనిపిస్తుందేమో చూసి, ఉంటే వద్దనండి.

మన దగ్గర అసలు ప్రశ్న వేరే ఉంది. నిండా జనం ఎక్కిన బండి మే నెల మధ్యాహ్నం గంటల తరబడి పరుగెత్తినప్పుడు టైరులో పుట్టే వేడిని ఆ టైరు తట్టుకోగలదా అన్నదే మీరు చూసుకోవలసిన సంగతి. రామగుండం, ఆదిలాబాద్ వైపు పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం మనకు కొత్త కాదు, తారు రోడ్డు అంతకన్నా ఎంతో ఎక్కువగా కాలుతుంది. అయినా టైరును ప్రధానంగా చెరిపేది రోడ్డు నుంచి ఎక్కే వేడి కాదు, టైరు లోపల పుట్టే వేడి. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలను తాకే చోట టైరు పక్కభాగం వంగి మళ్లీ నిలబడుతుంది. ఇనుప తీగను ఒకే చోట అటూ ఇటూ వంచుతూ పోతే అది చేతికి వేడిగా తగిలినట్టే, ఈ వంపుల వల్ల రబ్బరు కూడా వేడెక్కుతుంది. గాలి తగ్గినా, బరువు పెరిగినా వంపు పెరుగుతుంది. వేగం పెరిగితే నిమిషానికి పడే వంపుల సంఖ్య పెరుగుతుంది. ఈ మూడూ కలిసిన రోజున, పైకి కొత్తగా కనిపించే టైరు కూడా పేలిపోవచ్చు.

ఈ మాట ఇంత వివరంగా చెప్పడానికి మీ ఉత్తరమే కారణం. ముందు టైర్లు రెండు అంచులా అరిగి మధ్యలో మిగిలాయని రాశారు. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైనట్టు, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) తప్పినట్టు, రెండు అంచులూ అరిగితే చాలాకాలంగా గాలి తక్కువతో నడిచినట్టు లెక్క. ముందు చక్రాలు మలుపుల భారం మోస్తాయి, పైగా ఎర్టిగాలో ఇంజను లాగేది కూడా వాటినే కాబట్టి, టైర్లను ముందూ వెనకలకు మార్చకపోతే కొంత అరుగుదల ఎలాగూ ఉంటుంది. ఆ రెండూ తోడైనా, మీరు వర్ణించిన తీరు ప్రధానంగా గాలి లోపాన్నే చూపుతోంది. ఈ అలవాటు మారకుండా ఎంత ఖరీదైన టైర్లు వేసినా వాటి గతి కూడా ఇదే అవుతుంది.

ఇక కొనే సంగతి. మీ బండి టైరు మీద 185/65 ఆర్ 15 అని, దాని పక్కనే 88 అనే అంకె, తరువాత ఒక ఇంగ్లిషు అక్షరం ఉంటాయి. వెడల్పు 185 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు అని చాలామందికి తెలుసు. ఏడుగురు ఎక్కే బండికి వీటితో సమానంగా ముఖ్యమైన 88 ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది ఒక్కో టైరు మోయగల బరువును తెలిపే సంకేతం. 88 అంటే 560 కిలోలు, 84 అయితే 500 కిలోలే. నాలుగు టైర్ల మీద ఆ తేడా 240 కిలోలు, అంటే దాదాపు నలుగురు పెద్దవాళ్ల బరువు. చివరి అక్షరం వేగానికి సంబంధించినది: ఎస్ అంటే గంటకు 180, టి అంటే 190, హెచ్ అంటే 210 కిలోమీటర్లు. మీరు ఆ వేగంతో పోతారని కాదు, ఎక్కువ వేగానికి పరీక్ష నెగ్గిన టైరు ఎక్కువ వేడిని తట్టుకుంటుందని అర్థం. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద, బండి పుస్తకంలో ఏముందో చూసి, అంకెలో గాని అక్షరంలో గాని అంతకు తగ్గినది ఏ ధరకూ తీసుకోకండి. ఎక్కువ ఉంటే నష్టం లేదు.

195/65 సైజు వేస్తే చక్రం వ్యాసం 13 మిల్లీమీటర్లు, అంటే సుమారు 2 శాతం పెరుగుతుంది. మీటరు చూపే వేగం కన్నా బండి కాస్త ఎక్కువ వేగంతో పోతుంది, నిండు బరువుతో గుంతలో పడినప్పుడు లోపల తగిలే అవకాశం పెరుగుతుంది, మైలేజీ కొద్దిగా పడుతుంది. ఆ సైజులో బరువు మోసే శక్తి ఎక్కువగా దొరికే మాట నిజమే గాని, కంపెనీ ఇచ్చిన సైజు మీ బండి నిండు బరువుకు లెక్కగట్టి ఇచ్చినదే. నా అభిప్రాయంలో మీరు 185 తోనే ఉండడం మంచిది. నిలకడ లేదనిపిస్తే షాక్ అబ్జార్బర్లను చూపించండి. ఈ వయసు బండిలో లోపం అక్కడ ఉండడానికే ఎక్కువ అవకాశం.

రెండేళ్ల కిందటి సరుకు విషయంలో నేను గట్టిగా వద్దనే అంటాను. టైరు పక్కభాగం మీద డాట్ అనే అక్షరాల వరుస చివర ఒక చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2325 అని ఉంటే 2025లో 23వ వారం. చీకటిగా, చల్లగా ఉండే గిడ్డంగిలో ఉంచిన టైరు అంత త్వరగా చెడదు గాని, రేకుల కప్పు కింద రెండు ఎండాకాలాలు గడిపిన టైరు రబ్బరు వాడకముందే బిరుసెక్కడం మొదలై ఉంటుంది. ఎక్కడ ఉంచారో మీకు తెలిసే దారి లేదు కాబట్టి, తయారై ఏడాది దాటని టైరునే అడగండి. నాలుగింటి మీదా అంకెలు విడివిడిగా చూడండి, ఎందుకంటే ఒకే కట్టలో వేర్వేరు తేదీలవి కలిసి వస్తుంటాయి. చాలా టైర్లలో ఈ తేదీ ఒక పక్కనే ఉంటుంది కనుక, బిగించేటప్పుడు అది బయటి వైపు ఉండేలా చూడమంటే తరువాత మీకే తేలిక. ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీ.ఎస్.టీ. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, అంతకు ముందు చెప్పిన ధరను ఇప్పటికీ పట్టుకొని ఉంటే అడగండి. బిల్లు లేకుండా కొంటే వారంటీ కూడా ఉండదు.

కంపెనీ పేరు గురించి మీరు అడగలేదు, నేనూ ఎక్కువ చెప్పను. మన సదాశివపేటలోనే ఎం.ఆర్.ఎఫ్. కర్మాగారం ఉంది, అపోలో, సియట్, జేకే, బ్రిడ్జ్‌స్టోన్, మిషెలిన్ వంటివి కూడా వరంగల్‌లో దొరుకుతాయి. ఒకే కంపెనీలోనే ఎక్కువకాలం మన్నేందుకు గట్టి రబ్బరుతో చేసినవి, పట్టు కోసం మెత్తని రబ్బరుతో చేసినవి వేర్వేరుగా ఉంటాయి. కొన్నింటి మీద ట్రెడ్‌వేర్ (అరుగుదలకు ఎంత తట్టుకుంటుందో చెప్పేది) అని ఒక అంకె, ట్రాక్షన్ అని, టెంపరేచర్ అని రెండు అక్షరాలు ఉంటాయి. ట్రాక్షన్ తడి రోడ్డు మీద బ్రేకు పట్టును, టెంపరేచర్ వేడిని తట్టుకునే శక్తిని చెబుతాయి. ఈ రెండింటిలో ఇంగ్లిషు ‘ఎ’ (A) అక్షరం బి, సి ల కన్నా మెరుగు. ట్రెడ్‌వేర్ అంకెను ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చుకోవడానికే వాడండి, ఎందుకంటే ఆ అంకెను ఎవరి టైరుకు వారే వేసుకుంటారు. కేవలం మన్నిక చూసి కొనకండి. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలు దాటగానే మృగశిర వానలు వస్తాయి. నెలల తరబడి పేరుకున్న నూనె, దుమ్ము మీద పడే ఆ తొలి వానకు రోడ్డు జారినంతగా తరువాతి వానలకు జారదు. ఎండకు కొన్న టైరే ఆ రోజు కూడా మీ పిల్లలను కాపాడాలి.

నాలుగా, రెండా అన్నారు. టైర్ల వయసు ఆరేళ్లు దాటింది. వెనకవాటిలో గాడులు లోతుగా కనిపిస్తున్నా, మన ఎండల్లో అంతకాలం ఉన్న రబ్బరును పెళ్లిళ్ల ప్రయాణానికి నమ్మలేము. వెలుతురులో దగ్గరగా చూస్తే పక్కభాగం మీద, గాడుల అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు మీకే కనిపించవచ్చు. నాలుగూ మార్చండి. డబ్బు కుదరక ప్రస్తుతానికి రెండే మార్చవలసి వస్తే, కొత్తవి వెనక వేయించి, పాతవాటిలో మంచివి ముందుకు తెప్పించండి. దుకాణంలో దాదాపు అందరూ దీనికి ఎదురు చెబుతారు, ఇంజను లాగేది ముందు చక్రాలనే కదా అంటారు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే వేగం తగ్గి స్టీరింగు మళ్లీ మాట వింటుంది. వెనక చక్రాలు జారితే బండి వెనకభాగం గిరుక్కున తిరుగుతుంది; దాన్ని సరిదిద్దడం అనుభవం ఉన్న డ్రైవర్లకు కూడా కష్టం. మూడో వరుసలో పిల్లలు కూర్చునే బండిలో ఈ విషయంలో రాజీ పడవద్దని నా మనవి.

టైర్లతో పాటు గాలి పిన్నులు కూడా కొత్తవి వేయించి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించండి. గాలి ఎంతన్నది తలుపు స్టిక్కరులోనే ఉంటుంది. నిండు బరువుకు వేరే అంకె ఇచ్చి ఉంటే ప్రయాణానికి ముందు ఆ అంకెకు కొట్టించండి. టైరు మీద అచ్చువేసినది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి, మీరు నింపవలసినది కాదు. గాలిని ఉదయమే, బండి రెండు మూడు కిలోమీటర్లకు మించి నడవకముందే చూడాలి. ఉష్ణోగ్రత ప్రతి 5, 6 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు 1 పీ.ఎస్.ఐ. పెరుగుతుంది కాబట్టి, మధ్యాహ్నం రాజీవ్ రహదారి మీద ఆగి చూస్తే నాలుగైదు ఎక్కువ కనిపించడం సహజం. ‘ఎండకు పేలుతుంది, కొంచెం తీసేద్దాం’ అని అక్కడ ఎవరన్నా ఒప్పుకోకండి. అలా తీసిన గాలి వల్లనే టైరు ఇంకా వంగి, ఇంకా వేడెక్కుతుంది. స్టెప్నీని కూడా అదే ఉదయం చూసుకోండి.

ప్రశ్న: ఎండాకాలంలో నైట్రోజన్ నింపితే టైరు పేలదని అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. శుద్ధమైన నైట్రోజన్‌లో తేమ ఉండదు, అది కాస్త నెమ్మదిగా తగ్గుతుంది. ఆ మేరకు లాభమే. వేడికి దాని ఒత్తిడి కూడా పెరుగుతుంది, గాలి తక్కువైతే ఆ టైరు కూడా అంతే వేడెక్కుతుంది. దొరికితే నింపించుకోవచ్చు గాని, పదిహేను రోజులకొకసారి ఒత్తిడి చూసుకోవడం మానకండి. ఊరి బయట తగ్గినట్టు కనిపిస్తే నైట్రోజన్ కోసం ఆగకుండా మామూలు గాలే కొట్టించండి, రెండూ కలిస్తే ఏ ప్రమాదమూ లేదు.

ప్రశ్న: గుంతలో పడిన తరువాత టైరు పక్కన నిమ్మకాయంత బుడిపె వచ్చింది. గాలి దిగడం లేదు. ప్యాచ్ వేస్తామంటున్నారు. టైరు కొని ఏడాదే అయింది.
— ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: వేయించకండి. గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగిన చోట, పలుచని రబ్బరు ఒక్కటే గాలిని ఆపుతోంది. అందుకే అది ఉబ్బింది. ప్యాచ్ రంధ్రాన్ని మూస్తుంది గాని తెగిన దారాలను అతకదు. రోడ్డును తాకే భాగంలో మేకు దిగితే లోపలి నుంచి ప్యాచ్ వేయించి నిశ్చింతగా వాడవచ్చు, పక్కభాగంలో అలా కుదరదు. ఈ రోజే స్టెప్నీ వేసుకొని, బిల్లుతో అమ్మిన దుకాణానికి వెళ్లండి. గుంతల దెబ్బకు కూడా వర్తించే వారంటీలు కొన్ని ఉన్నాయి కాబట్టి, మీ వారంటీ కాగితం చదవకుండా కొత్త టైరుకు డబ్బు కట్టకండి.