సమాధానం: హార్మోన్ ఇంజెక్షన్లతో పాటు రాసిన కాల్షియం మాత్రలు ఆపాలా?

నాన్నగారికి ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ల్యుప్రోలైడ్ ఇంజెక్షన్లు ఇస్తున్నారని, కాల్షియం సంకేతాలతో క్యాన్సర్ కణాలు పెరుగుతాయని చదివి వారం నుంచి మాత్రలు ఆపేశామని రాశారు. మీ అంతట మీరు ఆపకండి, ఈరోజే డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి.

మీరు చదివింది అబద్ధం కాదు, కానీ అది కణం లోపలి సంగతి. అక్కడ కాల్షియం బయటికంటే దాదాపు 10,000 రెట్లు తక్కువ. రిసెప్టర్‌కి (కణంపై హార్మోన్ అతుక్కునే చోటు) తగిన హార్మోన్ తగలగానే కణం తన నిల్వల్లోంచి కాస్త కాల్షియం వదులుతుంది, అదే సంకేతం. మాత్ర మింగితే అది మొదలవదు. రక్తంలో కాల్షియం పెరగకుండా, తగ్గకుండా పారాథైరాయిడ్ గ్రంథులు చూసుకుంటాయి.

నిజానికి ఆ ఇంజెక్షన్ పనిచేసేదీ ఇలాగే. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి కణాల రిసెప్టర్లను తట్టి లోపల కాల్షియం పెంచుతుంది, అందుకే మొదటి ఒకటి రెండు వారాలు టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ పెరుగుతుంది. ఆగకుండా తడుతూ ఉండేసరికి రిసెప్టర్లు మొద్దుబారి, ఆ హార్మోన్ పడిపోతుంది. దాంతో ఎముకలూ పలచబడతాయి. మాత్రలు రాసింది అందుకే.

సాధారణంగా తిండి, మాత్రలు కలిపి రోజుకు 1000–1200 మిల్లీగ్రాములు చాలు, అతిగా వద్దు. గ్లాసు పాలలోనే సుమారు 300 ఉంటుంది. కాల్షియం కార్బొనేట్ మాత్రయితే అన్నం తిన్నాక వేయండి. ఎముకలకు డెనోసుమాబ్ లేదా జోలెడ్రోనిక్ యాసిడ్ కూడా ఇస్తున్నారా? అయితే రక్తంలో కాల్షియం బాగా పడిపోవచ్చు. పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్లలో సూదులు గుచ్చినట్టు ఉందేమో నాన్నగారిని ఇప్పుడే అడగండి. ఉందంటే రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.